మోటార్ న్యూరాన్ వ్యాధి అని తేలాక: ఏం జరుగుతుంది, ఎప్పుడు ఏం చేయాలి

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం నడుస్తుంటే కుడి పాదం నేలకు తగలడం మొదలైంది. ముందు నడుములో డిస్క్ సమస్య అన్నారు. ఇప్పుడు తొడ కండలు అదురుతున్నాయి, సాయంత్రానికి మాట ముద్దగా వస్తోంది. పరీక్షలన్నీ చేసి నరాల డాక్టర్ మోటార్ న్యూరాన్ డిసీజ్ అన్నారు. నయం చేసే మందు లేదు, రెండు మూడేళ్లు అని చెప్పి పంపించేశారు. ఇది అసలు ఏమిటి? మేము చేయగలిగింది ఏమైనా ఉందా? నాన్నకు చెప్పాలా? మాకూ వస్తుందా? చివరికి ఊపిరాడక పోతారని ఎవరో అన్నారు, అది విన్నప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదు.

జవాబు: నేను ఫిజియోథెరపిస్ట్‌ని. ఇరవై ఏళ్లకు పైగా నరాల జబ్బులు ఉన్నవాళ్లతోనే నా పని. ఈ జబ్బు వచ్చినవాళ్లను చాలామందిని మొదటి రోజు నుంచి చివరి దాకా దగ్గరగా చూశాను. అందుకే మొదటే ఒక మాట చెబుతాను. నయం చేసే మందు లేదన్నది నిజం. చేయడానికి ఏమీ లేదన్నది మాత్రం నిజం కాదు. చేయాల్సింది చాలా ఉంది. కాకపోతే ప్రతిదానికీ ఒక సమయం ఉంటుంది, ఆ సమయం అవసరం కనబడే రోజు కంటే ముందే వస్తుంది. నేను చూసిన కుటుంబాల్లో ఎక్కువ బాధ పడింది జబ్బు వల్ల ఒక్కటే కాదు, "ఇంకా అంత దాకా రాలేదు కదా" అని ఆగడం వల్ల.

ముందు జబ్బు గురించి. మనం కాలు కదపాలనుకుంటే ఆ ఆజ్ఞ రెండు మజిలీల్లో కండకు చేరుతుంది. మెదడు పైపొరలో ఉన్న న్యూరాన్ (నాడీ కణం) నుంచి వెన్నుపాము దాకా ఒకటి, వెన్నుపాము నుంచి కండ దాకా రెండోది. మాట, గుటక లాంటి వాటికైతే ఆ రెండో న్యూరాన్ మెదడు కింది భాగంలో, మెదడు కాండంలో ఉంటుంది. పై న్యూరాన్ దెబ్బతింటే కండ బిగుసుకుంటుంది, మోకాలి మీద సుత్తితో తడితే కాలు గట్టిగా ఎగురుతుంది. కింది న్యూరాన్ దెబ్బతింటే కండ సన్నబడి, నీరసించి, దానంతట అదే అదురుతుంది. ఒకే మనిషిలో ఈ రెండు రకాల లక్షణాలూ కనబడి, నెలనెలా పాకుతూ పోతే డాక్టర్లకు ఈ జబ్బు మీద అనుమానం వస్తుంది. రెండూ కలిసి ఉన్న రకాన్ని ఏఎల్ఎస్ అంటారు, ఎక్కువమందికి వచ్చేది అదే. ఫ్రాన్స్‌లో జాన్ మార్టిన్ షార్కో అనే వైద్యుడు 1869లోనే దీన్ని వివరించాడు.

ఎనిమిది నెలల క్రితం పాదం నేలకు తగిలిన రోజే జబ్బు మొదలైందని అనుకోకండి. కొన్ని న్యూరాన్లు చనిపోగానే పక్కనున్నవి కొత్త కొమ్మలు వేసి, దిక్కులేని కండ పోగులను తమ కిందకు తీసుకుంటాయి. అలా కొంతకాలం లోటు బయటకు తెలియదు. ఆ మోసేవి కూడా తగ్గిపోయాకే కాలు ఈడవడం కనబడుతుంది. కాబట్టి "ఇంకాస్త ముందు పట్టుకుని ఉంటే" అని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. మొదటి లక్షణం నుంచి జబ్బు పేరు తేలే దాకా దాదాపు ఏడాది పట్టడం ఎక్కడైనా మామూలే. ముందు డిస్క్ అనుకోవడం కూడా చాలా మంది విషయంలో జరిగేదే.

ఎందుకు వస్తుంది? పది మందిలో తొమ్మిది మందికి కుటుంబంలో ఇంకెవరికీ ఉండదు, కారణం ఇదీ అని వేలు పెట్టి చూపలేం. చనిపోతున్న న్యూరాన్లలో టీడీపీ-43 అనే ప్రోటీన్ ఉండాల్సిన చోటు వదిలి ఉండలు కట్టి కనబడుతుందని 2006లో తెలిసింది. అదే మూలమా, దాని వెనక ఇంకేదైనా ఉందా అన్నదాని మీద పరిశోధన నడుస్తోంది. నాన్నగారు చేసిన పని వల్లో, తిన్న తిండి వల్లో, పడిన టెన్షన్ వల్లో ఇది వచ్చిందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఇది అంటుకునేది కూడా కాదు. పిల్లల్ని ఆయన ఒళ్లో కూర్చోబెట్టండి.

మీకు వస్తుందా అన్నదానికి జవాబు మీ కుటుంబ చరిత్రను బట్టి ఉంటుంది. తాతలు, మేనత్తలు, పెదనాన్నల్లో ఎవరికైనా ఇలా కండలు కరిగిపోయాయా, లేక నడివయసులోనే మతిమరుపు, వింత ప్రవర్తన వచ్చిందా అని పెద్దవాళ్లను అడగండి. రెండో ప్రశ్న ఎందుకంటే సీ9ఆర్ఫ్72 అనే ఒకే జన్యువులో లోపం ఒకరిలో ఈ జబ్బుగా, ఇంకొకరిలో ఒక రకమైన డిమెన్షియాగా బయటపడుతుంది. అలాంటివి ఏవీ లేకపోతే మీకు వచ్చే అవకాశం చాలా తక్కువ. అయినా నాన్నగారికి జన్యు పరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి, దానికి ఇప్పుడు ఒక ప్రయోజనం ఉంది, కింద చెబుతాను. మీ పరీక్ష మాత్రం తొందరపడి చేయించుకోవద్దు. ఆ ఫలితం తెలిశాక మళ్లీ తెలియనట్టు ఉండలేం కదా. ముందు జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడాకే చేయించుకోవాలి.

రెండో అభిప్రాయం తీసుకోవాలా అని మీరు అడగలేదు కానీ, ఒక్కసారి తీసుకోండి. ఈఎంజీ (సూదితో కండ పనితీరు చూసే పరీక్ష), నరాల వేగం పరీక్ష, మెడ దగ్గర వెన్నుపాము ఎంఆర్ఐ, ఈ మూడూ జరిగాయో లేదో చూడండి. మెడ ఎముకలు వెన్నుపామును నొక్కినా కొంత ఇలాగే కనబడుతుంది. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి అనే జబ్బు ఉంది, అదీ కండలను తినేస్తుంది, కానీ దానికి ఇమ్యునోగ్లోబులిన్‌తో చికిత్స ఉంది. మీ నాన్నగారికి కాలుతో పాటు మాట కూడా మారింది కాబట్టి అది అయ్యే అవకాశం తక్కువే. అయినా తలుపులన్నీ ఒకసారి తట్టి చూశామన్న తృప్తి ముందు ముందు ఎంతో అవసరం. ఒకసారి చాలు. ఐదారుగురు డాక్టర్ల చుట్టూ తిరుగుతూ ఆరు నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఆ ఆరు నెలలు ఆయన ఇంకా నడవగలిగిన నెలలు.

మందులు. రిలుజోల్ 1995 నుంచి వాడుకలో ఉంది. 50 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకు రెండుసార్లు. జబ్బును ఆపదు, కొంచెం నెమ్మదింపజేస్తుంది. పరీక్షల్లో రెండు మూడు నెలల ఆయుష్షు పెరిగినట్టు తేలింది. కాలేయం మీద ప్రభావం ఉండొచ్చు కాబట్టి రక్త పరీక్షలు చేయిస్తూ ఉండాలి. ఎడరవోన్ అనే మరో మందును 2015లో జపాన్, 2017లో అమెరికా అనుమతించాయి. దాని లాభం అందరిలో ఒకేలా కనబడలేదు. టోఫెర్సెన్ అనేది 2023లో వచ్చింది. ఇది ఎస్ఓడీ1 అనే జన్యువులో లోపం ఉన్నవాళ్లకు మాత్రమే, వెన్నులోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. అలాంటివాళ్లు నూటికి ఇద్దరో ముగ్గురో. జన్యు పరీక్ష అడగమన్నది ఇందుకే.

ఇవి తప్ప ఇంకేదో అద్భుతం ఉందని మీ చెవిన పడుతూనే ఉంటుంది. స్టెమ్ సెల్స్ అంటారు, మరొకటి అంటారు. స్టెమ్ సెల్స్‌తో ఈ జబ్బు తగ్గుతుందని ఇంతవరకూ రుజువు కాలేదు. అమెరికాలో 2022లో అనుమతి పొందిన ఒక మందే, పెద్ద పరీక్షలో పనిచేయలేదని తేలి 2024లో మార్కెట్ నుంచి వెనక్కి వెళ్లింది. అంత కట్టుదిట్టంగా పరీక్షించిన మందు పరిస్థితే అది అయినప్పుడు, పరీక్షే లేనిదానికి ఇల్లు తాకట్టు పెట్టకండి. ఆ డబ్బు యంత్రాలకూ, రాత్రి పూట సాయానికీ అక్కరకొస్తుంది.

ఎంతకాలం అన్న లెక్క: లక్షణాలు మొదలైనప్పటి నుంచి రెండు నుంచి ఐదేళ్లు ఎక్కువమంది విషయంలో నిజం. పది మందిలో ఒకరు పదేళ్లు దాటతారు. స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో 21 ఏళ్ల వయసులో ఈ జబ్బు అని చెప్పారు, ఆయన 2018లో 76 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆయన్ను చూపి అందరికీ ఆశ పెట్టడం న్యాయం కాదు, అది అరుదు. అలాగని డాక్టర్ చెప్పిన సగటును నాన్నగారి జాతకంలా చూడొద్దు. గత ఆరు నెలల్లో ఎంత వేగంగా మారిందో చూస్తే రాబోయే ఆరు నెలల గురించి కొంత అంచనా దొరుకుతుంది, అంతే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఊపిరి. అందరూ కాలు చూస్తారు, చేయి చూస్తారు. ఊపిరిని నడిపేది కూడా కండే, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం. అది నీరసిస్తే పగలు తెలియదు, రాత్రి తెలుస్తుంది. పడుకున్నప్పుడు ఊపిరి చాలక రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అందుకే గుర్తులు ఊపిరి గుర్తుల్లా ఉండవు. పొద్దున లేవగానే తలనొప్పి, పీడకలలు, రాత్రంతా పడుకున్నా పగలు కునుకులు, ఆకలి మందగించడం, వెల్లకిలా పడుకోలేక ఒక దిండు మీద ఇంకో దిండు అడగడం. నేను చూస్తున్న ఒకాయన భార్య, "ఈ మధ్య పేపర్ చదువుతూ చదువుతూనే నిద్రపోతున్నారు, వయసు కదా" అంది. పొద్దున తలనొప్పి వస్తోందా అని అడిగితే ఆయన ఆశ్చర్యంగా చూశాడు, నెల నుంచి వస్తోందట, ఎవరికీ చెప్పలేదు. పరీక్ష చేయిస్తే ఊపిరి సామర్థ్యం సగానికి దగ్గరలో ఉంది. నడక మాత్రం ఇంకా బాగానే ఉంది. ఆ వారమే రాత్రి పూట బైపాప్ మొదలుపెట్టారు. పది రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేసి, పేపర్ మొత్తం చదివానని చెప్పాడు.

బైపాప్ అంటే మాస్క్ ద్వారా గాలిని లోపలికి నెట్టే యంత్రం. 2006లో వెలువడిన ఒక పరీక్షలో, గొంతు కండరాలు మరీ దెబ్బతినని వాళ్లకు ఇది సుమారు ఏడు నెలల ఆయుష్షు ఇచ్చింది. అంటే రిలుజోల్ కంటే ఎక్కువ. నిద్ర, తలనొప్పి, హుషారు విషయంలో వచ్చే తేడా అదనం. మొదటి వారం మాస్క్‌తో చిరాకు పడతారు. పగలు టీవీ చూస్తూ పావుగంట, అరగంట పెట్టుకోవడంతో మొదలుపెడితే అలవాటవుతుంది. మాస్క్ సైజు సరిగ్గా లేకపోతే ముక్కు మీద పుండు పడుతుంది, సిగ్గుపడకుండా రెండు మూడు రకాలు పెట్టి చూపించమని అడగండి. ఎఫ్‌వీసీ అనే ఊపిరి పరీక్ష (నిండా పీల్చి ఎంత గాలి వదలగలరో, అది మామూలుగా ఉండాల్సినదానిలో ఎంత శాతమో చూసేది) ఇప్పుడే ఒకసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి చేయించండి. ఆ శాతాన్ని ఒక నోట్‌బుక్‌లో తేదీతో సహా రాయండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఒక కుటుంబం రాత్రి ఆయాసంగా ఉందని తామే ఆక్సిజన్ తెచ్చి పెట్టింది. తెల్లారేసరికి ఆయన మత్తుగా, పిలిస్తే పలకకుండా ఉన్నాడు. ఈ జబ్బులో లోటు ఆక్సిజన్‌ది కాదు, గాలిని లోపలికీ బయటికీ నడిపే బలానిది. బైపాప్ లేకుండా ఆక్సిజన్ ఒక్కటే ఇస్తే ఊపిరి ఇంకా మందగించి కార్బన్ డయాక్సైడ్ పెరగొచ్చు. ఎమర్జెన్సీకి వెళ్తే అక్కడి డాక్టర్ ఈ జబ్బును రోజూ చూసేవాడు కాకపోవచ్చు. "ఈయనకు మోటార్ న్యూరాన్ వ్యాధి, ఊపిరి కండరాలు నీరసంగా ఉన్నాయి, ఆక్సిజన్ జాగ్రత్తగా ఇవ్వాలి" అని ఒక కాగితం మీద మీ నరాల డాక్టర్ చేత రాయించి, సంతకం పెట్టించి బ్యాగ్‌లో ఉంచుకోండి. నిద్ర మాత్రలు కూడా అడగకుండా వేయొద్దు.

దగ్గు బలం తగ్గడం ఇంకో సంగతి. జలుబు చేసినా కఫం బయటకు రాదు, అది న్యుమోనియాకు దారి తీస్తుంది. ఊపిరి మీద ఊపిరి పేర్చి ఒక్కసారిగా దగ్గడం, దగ్గేటప్పుడు పొట్ట మీద నొక్కి సాయం చేయడం ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోండి. అవి చాలనప్పుడు దగ్గించే యంత్రం ఉంటుంది. ఫ్లూ టీకా ఏటా వేయించండి, ఇంట్లో అందరికీ.

తిండి విషయానికి వస్తే, ఈ జబ్బులో బరువు తగ్గడం మంచిది కాదు. ఒళ్లు కూడా మామూలు కంటే ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. ఇంతకు ముందు నూనె, నెయ్యి తగ్గించమని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ సలహా ఇప్పటికీ అవసరమా అని డాక్టర్‌ను అడగండి. నెలకు రెండుసార్లు బరువు చూసి అదే నోట్‌బుక్‌లో రాయండి. మింగడంలో మొదట ఇబ్బంది పెట్టేది గట్టి పదార్థం అనుకుంటాం, చాలామందికి మొదట పొలమారేది మంచినీళ్లతో. పల్చటివి గుటక సిద్ధం కాకముందే గొంతులోకి జారిపోతాయి. పొడిగా రాలేవి, గట్టివి, ద్రవం ఘనం కలిసి ఉన్నవి కూడా కష్టం. నీళ్లను చిక్కబరిచే పొడులు దొరుకుతాయి. నిటారుగా కూర్చుని, టీవీ కట్టేసి, గడ్డం కొంచెం కిందకి వంచి మింగడం చాలామందికి పనికొస్తుంది. అది మీ నాన్నగారికి సరిపోతుందా అన్నది మింగడాన్ని పరీక్షించే స్పీచ్ థెరపిస్ట్ చూసి చెప్పాలి. భోజనానికి ముప్పావు గంట పడుతోందంటే, తింటూ తింటూ అలసిపోతున్నారంటే, ట్యూబ్ గురించి మాట్లాడాల్సిన రోజు వచ్చినట్టే.

పెగ్ అంటే పొట్ట మీద చిన్న రంధ్రం నుంచి నేరుగా జీర్ణాశయంలోకి పెట్టే ట్యూబ్. దీన్ని అందరూ ఓటమిలా చూస్తారు. ట్యూబ్ పెట్టించుకున్నాక నోటితో తినకూడదని లేదు. నీళ్లు, మందులు, కావలసిన కేలరీలు ట్యూబ్‌లో పోతే, నోటితో ఇష్టమైనది రెండు ముద్దలు భయం లేకుండా రుచి చూడొచ్చు. దీనికీ గడువు ఉంది. ఎఫ్‌వీసీ 50 శాతం కంటే కిందకి పోక ముందే పెట్టించుకుంటే ప్రమాదం తక్కువ. అందుకే ఇంకా బాగా తింటున్నప్పుడే మాట్లాడాలి అంటున్నాను. వద్దు అనే హక్కు ఆయనకు ఉంది. ఆ వద్దు అన్నది తెలిసి చెప్పినదై ఉండాలి, ఆలస్యమై మిగిలిన వద్దు కాకూడదు.

చొంగ కారడం చాలామందిని సిగ్గుతో ఇంట్లో కూర్చోబెట్టేస్తుంది. లాలాజలం ఎక్కువ ఊరడం కాదు, గుటక వేయకపోవడం వల్ల నిలిచిపోతోంది. దీనికి మాత్రలు, చెవి వెనక పెట్టే పట్టీలు, లాలాజల గ్రంథుల్లోకి బోటులినమ్ ఇంజెక్షన్ ఉన్నాయి. గొంతులో చిక్కటి కఫం ఇబ్బంది పెడుతుంటే అవే మందులు దాన్ని ఇంకా బంకగా చేస్తాయి, కాబట్టి ఏది ఇబ్బందో డాక్టర్‌కు స్పష్టంగా చెప్పండి. పిక్కలు పట్టేయడం, కండలు బిగుసుకోవడం, మలబద్ధకం, వీటన్నిటికీ మందులున్నాయి. ఓర్చుకోవాల్సిన పని లేదు.

నా పని దగ్గరకొస్తాను. మొదటి సంవత్సరాల్లో నేను ఒక తప్పు చేశాను. ఒక యువకుడు, చేతులు నీరసిస్తున్నాయి, బరువులెత్తి బలం తెచ్చుకుంటానన్నాడు. అతని పట్టుదల చూసి నేనూ ప్రోత్సహించాను. వ్యాయామం అయ్యాక ఇంటికి వెళ్లి అన్నం కలుపుకోవడానికి కూడా చేయి లేచేది కాదు. వాళ్లమ్మ వచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదు. న్యూరాన్ లేని కండను వ్యాయామంతో తిరిగి తేలేం. ఉన్న బలాన్ని దేనికి ఖర్చు పెట్టాలన్నదే ఇక్కడ ప్రశ్న. కీళ్లు బిగుసుకోకుండా రోజూ మెల్లగా అన్ని వైపులా కదిలించడం, ఓపిక ఉన్నంత నడక చాలు. మర్నాటికి కూడా అలసట మిగిలిందంటే ముందు రోజు ఎక్కువ చేసినట్టు.

పాదం కిందకి వాలిపోతోంది కాబట్టి ఏఎఫ్‌ఓ అనే తేలికపాటి స్ప్లింట్ ఈ వారమే వేయించండి. బూటులోకి వెళ్లిపోతుంది, పాదాన్ని ఎత్తి పట్టుకుంటుంది. పడి తుంటి విరిగితే, ఆ పడకలో పోయే బలం తిరిగి రాదు. నేల మీద జారే పట్టలు తీసేయండి. కుర్చీ, మంచం, టాయిలెట్ ఎత్తు నాలుగైదు అంగుళాలు పెంచితే లేవడానికి తక్కువ బలం చాలు. లేపేటప్పుడు చేతులు పట్టుకుని లాగొద్దు. భుజం చుట్టూ కండ లేనప్పుడు లాగితే కీలు జారి, ఆ నొప్పి నెలల తరబడి ఉంటుంది. నడుము దగ్గర బెల్ట్ పట్టుకుని లేపాలి. వీల్‌చైర్ వద్దని చాలామంది మొండికేస్తారు. బయటికి వెళ్లేటప్పుడు మాత్రమే వాడమనండి. గుమ్మం దాకా నడిచి అలసిపోయేవాడు, వీల్‌చైర్‌లో సాయంత్రమంతా స్నేహితులతో గడిపి రాగలడు.

రాత్రి గురించి అమ్మగారికి ఒక మాట. ఈ జబ్బులో స్పర్శ పోదు, కళ్ల కదలికలు చాలా కాలం నిలుస్తాయి, మలమూత్రాల మీద అదుపు సాధారణంగా ఉంటుంది. స్పర్శ ఉండి కదలిక లేకపోవడం అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. దుప్పటి మడత ఒత్తుకుంటుంది, చెవి దిండు కింద నలుగుతుంది, దురద పుడుతుంది, చేయి లేవదు. అందుకే గంటకోసారి పిలుస్తారు. అది చాదస్తం కాదు. మనం నిద్రలో తెలియకుండా చేసుకునే సర్దుబాట్లన్నీ ఆయన అడిగి చేయించుకోవాల్సి వస్తుంది. రాత్రంతా ఒక్కరే లేస్తే రెండు నెలల్లో వాళ్లు మంచాన పడతారు. వంతులు వేసుకోండి. ఇప్పుడే.

ఉన్నట్టుండి ఏడవడం, లేక నవ్వు ఆపుకోలేకపోవడం కూడా రావచ్చు. ఇది దిగులు కాదు, ఆ భావాలను అదుపులో పెట్టే మెదడు దారి తెగడం. ఇంట్లోవాళ్లు దీన్ని తప్పుగా అర్థం చేసుకుని చాలా బాధపడతారు. దీనికీ మందులున్నాయి. అలాగే సగం మంది దాకా ఆలోచనలో, ప్రవర్తనలో చిన్న చిన్న మార్పులు వస్తాయి. కొద్దిమందిలో అది పూర్తి డిమెన్షియాగా మారుతుంది. ఎప్పుడూ లేనిది మొండితనం, పక్కవాళ్ల బాధ పట్టకపోవడం కనబడితే మీ మీద కోపం అనుకోకండి, డాక్టర్‌కు చెప్పండి.

నాన్నకు చెప్పాలా అన్నారు. చెప్పాలి, కానీ అంతా ఒకేసారి కాదు. తన కాలు తనకు తెలుసు, మీ ముఖాలు చూస్తున్నారు. దాచిపెడితే ఆయన తన భయంతో ఒక్కరే ఉండిపోతారు. "డాక్టర్ చెప్పింది మొత్తం తెలుసుకుంటారా, కొంచెం కొంచెంగానా?" అని అడగండి. ఆయన అడిగినదానికి నిజం చెప్పండి, అడగనిది తోసుకెళ్లి చెప్పొద్దు. ట్యూబ్ కావాలా, ఊపిరి మరీ తగ్గితే గొంతుకు రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టమంటారా వద్దా, ఇవి ఆయన నోటితో రావాల్సిన జవాబులు. వెంటిలేటర్ పెట్టించుకుంటే ఏళ్లు గడవొచ్చు. రాత్రింబవళ్లు మనిషి పక్కన ఉండాలి, జబ్బు మాత్రం ఆగదు. ముందే మాట్లాడుకోని ఇళ్లలో ఆ నిర్ణయం అర్ధరాత్రి ఐసీయూ బయట, నిలబడి, ఐదు నిమిషాల్లో జరుగుతుంది. ఆ తర్వాత ఏళ్ల పాటు ఆ ఐదు నిమిషాలను మోస్తున్న పిల్లలను నేను ఎరుగుదును.

అమ్మగారి భయానికి జవాబు. ఉక్కిరిబిక్కిరై పోవడం ఈ జబ్బులో చాలా అరుదు. ఎక్కువమందికి చివర్లో కార్బన్ డయాక్సైడ్ నెమ్మదిగా పెరిగి మగత వస్తుంది, నిద్ర లోతవుతుంది, నిద్రలోనే ఊపిరి ఆగుతుంది. ఆయాసం ఉంటే తక్కువ మోతాదు మార్ఫిన్, ఆందోళనకు మందు ఇస్తారు. అవి బాగా పనిచేస్తాయి. పాలియేటివ్ కేర్ వాళ్లను, అంటే బాధ తగ్గించడం మీదే దృష్టి పెట్టే వైద్య బృందాన్ని, చివరి వారంలో పిలిచేవాళ్లే ఎక్కువ. ఇప్పటి నుంచే పరిచయం చేసుకోండి, అమ్మ తన ప్రశ్నలు వాళ్లనే నేరుగా అడుగుతుంది.

మాటను కావాలనే చివరికి ఉంచాను. కాళ్లు చేతులు పోయినప్పటి కంటే మాట పోయినప్పుడే మనుషులు ఎక్కువ ఒంటరివాళ్లవుతారు. కంటిచూపుతో టైప్ చేసే యంత్రాలు ఉన్నాయి, ఫోన్‌లో రాస్తే చదివే యాప్‌లు ఉన్నాయి. యంత్రం ఏదైనా, కరెంటు అక్కర్లేని ఒక పద్ధతి ఇంట్లో అందరికీ వచ్చి ఉండాలి. ఒక ఇంట్లో భార్యాభర్తలు తమకు తామే చేసుకున్నది చెబుతాను. తెలుగు అక్షరాలూ గుణింతాలూ అన్నీ అట్ట మీద రాస్తే వెతకడానికే పొద్దుపోతుంది. అందుకని వాళ్లు వరసలుగా విడగొట్టారు. "అచ్చులా? క వర్గమా? చ వర్గమా?" అని ఆవిడ అడుగుతుంది, ఆయన కన్ను ఆర్పితే ఆ వరసలో అక్షరాలు ఒక్కొక్కటీ చదువుతుంది. గుణింతాలు వదిలేశారు. ఒక మధ్యాహ్నం నేను అక్కడ ఉండగా ఆయన మూడు అక్షరాలు చెప్పాడు. క, ట, క. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి లేచి వెళ్లి కిటికీ తెరిచింది. ఆయన కళ్లు అటు తిరిగి అక్కడే ఉండిపోయాయి.

గొంతును దాచుకునే పద్ధతులూ ఉన్నాయి. వాయిస్ బ్యాంకింగ్ అంటారు, కొన్ని వాక్యాలు చదివి రికార్డ్ చేస్తే వాటితో ఆ మనిషి గొంతును పోలిన గొంతు తయారవుతుంది. తెలుగులో ఏది బాగా పనిచేస్తుందో స్పీచ్ థెరపిస్ట్‌ను అడగండి. వాళ్ల అపాయింట్‌మెంట్ దొరికే దాకా ఆగొద్దు. సాయంత్రానికి మాట ముద్దగా వస్తోంది అన్నారు, అంటే పొద్దున ఇంకా స్పష్టంగా ఉంటోందన్నమాట. రేపు పొద్దున్నే, ఆయన కాఫీ తాగాక, చప్పుడు లేని గదిలో ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి. ఇంట్లో అందరి పేర్లూ పిలవమనండి, కసురుకునే మాట, ముద్దు చేసే మాట, ఆయనకే సొంతమైన ఊతపదం చెప్పమనండి. అమ్మను పిలిచే తీరు తప్పకుండా ఉండాలి. ఇరవై నిమిషాలు చాలు, అలసిపోతే ఆపేసి ఎల్లుండి మిగతాది చేయండి.